నా నవలలో దెయ్యం చైనావాడే

2020లో విమానాలు ఆగిపోయిన నెలల్లో నేనొక నవల రాశాను. నేనుండే ఈ అరబ్బు నగరంలో, డేరా అనే పేటలోని ఒక చవక లాడ్జీలో చిక్కుకుపోయిన కాకినాడ ప్రయాణికుణ్ణి చైనా నావికుడి ప్రేతం వెంటాడడం అందులోని కథ. అతను గది మారినా, లాడ్జీ మారినా, అబ్రా పడవెక్కి, ఊరి మధ్య క్రీక్ అనే సముద్రపు పాయ దాటి అవతలి ఒడ్డుకు పోయినా ప్రేతం పక్కనే ఉంటుంది. హాని చేయదు, ఏం కావాలో చెప్పదు. అదేమిటన్నదే నవలలోని రహస్యం.

ఆ ఊహ నాకు గాలిలోంచి రాలేదు. మా అంతస్తులో, ఎదుటి ఫ్లాట్‌లో ఒక చైనా వర్తకుడు ఒంటరిగా ఉండేవాడు. లిఫ్టులో కలిస్తే తల వంచి, పక్కకు జరిగి చోటిచ్చేవాడు. ఆ వేసవిలో జబ్బుచేసి పోయాడు. ఎక్కడ పూడ్చారో, అతని కోసం ఎవరైనా వచ్చారో లేదో మాకెవరికీ తెలియలేదు. తలుపు బయట అతని చెప్పులు చాలాకాలం అలాగే ఉన్నాయి. ఊడ్చేవాళ్లు కూడా వాటి చుట్టూ ఊడ్చి వెళ్లేవారు.

మరుసటి ఏడాది ఇక్కడి మా తెలుగు సంఘం నవలను ఆవిష్కరిస్తామని ముందుకు వచ్చింది. సంఘం కార్యదర్శి గుంటూరువాడు, బ్యాంకు ఉద్యోగి, మర్యాదస్థుడు. రాతప్రతి చదివి, ఒక శుక్రవారం సాయంత్రం మా ఇంటికి వచ్చాడు. నేను చాలాకాలం బడిలో పాఠాలు చెప్పినవాణ్ణి గనుక అందరికీ మాస్టారినే.

“కథ అదిరింది మాస్టారూ. ఒక్క దెయ్యంతోనే ఇబ్బంది” అన్నాడు.

“కథంతా దాని మీదే నిలబడింది గదా.”

“ఇప్పుడు చైనా అంటేనే జనం మండిపడుతున్నారండీ. పోనీ, మలయాళీ దెయ్యాన్ని పెట్టండి. వాళ్లు సరదాగా తీసుకుంటారు.”

“దెయ్యానికి వీసా మార్చే అధికారం నాకు లేదు.”

నవ్వాడు గాని కాఫీ కప్పు పక్కన పెట్టేశాడు. అతని అసలు అభ్యంతరం చివరి అధ్యాయం మీద. అందులో ప్రయాణికుడు అమావాస్యనాడు క్రీక్ ఒడ్డున తన పెద్దలకు తర్పణం విడిచి, ఆఖరున ఆ నావికుడికీ ఒక దోసిలి నువ్వుల నీళ్లు విడుస్తాడు.

“మన పెద్దల తర్పణంలో చైనావాణ్ణి దూరుస్తారా? అపచారం కాదూ? వేపమండలతో కొట్టి తరిమేసినట్టు రాసేయండి. యల్లా, త్వరగా కానివ్వండి, వచ్చే నెలలోనే ఆవిష్కరణ. లేదంటే సంఘం పేరు వేయలేం, హాలూ ఇవ్వలేం.”

“మీరు మహాలయ అమావాస్యకు తర్పణం విడుస్తారా?” అని అడిగాను.

“ఏటా విడుస్తానండీ. రాజమండ్రి నుంచి పంతులుగారు వీడియోలో చెప్తారు. నాన్నగారి వైపు, అమ్మ వైపు, అందరికీ పేరుపేరునా.”

“చివర్లో దర్భలు విప్పించి ఒక దోసిలి నీళ్లు విడిపిస్తారు. అది ఎవరికి?”

“నిజం చెప్పాలంటే, మావాళ్ల పేర్లు అయిపోగానే ఖలాస్ అనుకుని ఫోను కట్టేస్తానండీ. ఆఫీసుకు టైమైపోతుంది.”

ఏ పనికైనా ఒక క్రమం ఉంటుంది. దాన్ని సగంలో వదిలి లేచేవాళ్లను నేను తరగతిలోనూ సహించలేదు. ఆ ఆఖరి దోసిలి తల్లి, తండ్రి, బంధువు, స్నేహితుడు అంటూ ఎవరూ మిగలని వాళ్లకని చెప్పాను. దానికి ఊరూ దేశమూ అడిగే పద్ధతి లేదన్నాను.

“మీరు ఫోను కట్టేసే చోటే నా నవల ముగుస్తుంది. అంతే.”

అతని ముఖం ఎర్రబడింది. “మీరన్నది నిజమే కావచ్చు మాస్టారూ. కమిటీ ఒప్పుకోదు.”

“వాళ్ల ఒప్పుదల నేను అడగలేదు.”

అతను వెళ్లాక, సంఘం పేరున్న పేజీని రాతప్రతిలోంచి తీసేశాను. మిగిలినదంతా ఉన్నది ఉన్నట్టు అచ్చువేయమని విజయవాడ ప్రెస్సువాడికి ఫోనులో చెప్పాను. వచ్చే శుక్రవారం మా ఇంట్లోనే చివరి అధ్యాయం చదువుతున్నానని తెలిసినవాళ్లందరికీ కబురు పెట్టాను.

ఆ శుక్రవారం హాల్లో కుర్చీలు వరుసలుగా వేశాను. మా ఆవిడ గుమ్మం దగ్గర నిలబడి చూస్తోంది.

“ఏమండీ, సంఘంతో గొడవ పెట్టుకున్నాక ఎవరైనా వస్తారంటారా?”

“రాకపోతే నీకే చదువుతాను.”

“నాకు దెయ్యాలంటే భయమని మీకు తెలుసుగా.”

“తెలుసు. ముందు వరుసలో కూర్చో.”