దేవుళ్లు సాక్షులుగా మా నాయన వీలునామా

మా నాయన రాసిన వీలునామా ఒకటిన్నర పేజీ. తిరుచానూరులో తాను కష్టపడి కట్టుకున్న రెండు గదుల ఇల్లు మా అక్కకే చెందాలని, పెళ్లి చేసుకోకుండా, పూలు కట్టి అమ్ముకుంటూ, అమ్మను చివరిదాకా, తనను ఇప్పటిదాకా చూసుకున్నది ఆమేనని రాశాడు. కింద సంతకం పెట్టాడు. సాక్షులు అన్నచోట 'ఏడుకొండలవాడు, అలమేలుమంగమ్మ' అని రాసి, కాగితాన్ని దేవుడి పటం వెనక పెట్టాడు. ఇద్దరు సాక్షులు ఉండాలని ఆయనకు తెలుసు. ఇద్దర్నీ రాసుకున్నాడు!

ఆయన పోయాక ఆ కాగితం చూసి వకీలు నవ్వలేదు, అదే గొప్ప. "తెల్లకాగితమైనా చెల్లేదమ్మా, రిజిస్టరు చేయకపోయినా చెల్లేది. ఇద్దరు మనుషులు చూసి సంతకాలు పెట్టకపోతే మాత్రం చెల్లదు. ఇల్లు మీ ముగ్గురికీ సమానంగా వస్తుంది" అన్నాడు.

నా వంతు అక్కకు రాసిచ్చేశాను. పలమనేరులో మిద్దె ఇల్లు, పది పాడి ఆవులు ఉన్న మా అన్న మాత్రం ఇవ్వనన్నాడు.

"రాత నాయనదే, నేను కాదనలే. సట్టం ఒప్పుకోకుంటే నన్నేం సేయమంటావు? ఇల్లు అమ్మి నా భాగం ఇచ్చేయండి."

నాకు ఒళ్లు మండిపోయింది. వాటా తీసుకోవచ్చని చట్టం అంది గాని, తీసుకుని తీరాలని అనలేదే! నాయన పెద్దకర్మకు ఊరంతా పిలిచి, ఆయనకిష్టమని అలసంద వడలు చేయించిన మనిషికి ఆయన చేత్తో రాసిన ఒకటిన్నర పేజీ రుచించలేదు. ఆ మాట మొహం మీదే అన్నాను. అన్న సిగ్గుపడలేదు. కోర్టుల చుట్టూ తిరిగే ఓపిక లేక అక్క అమ్మకానికి ఒప్పుకుంది.

మొన్న కొనేవాళ్లు వచ్చి, వంటగది ఇరుకని పెదవి విరిచి పోయారు. కనకాంబరాలు కడుతున్న అక్క తలెత్తి నన్ను అడిగింది. "నాయన పక్కింటోళ్లను ఇద్దర్ని పిలుచుకోనింటే సాలునంట గదా పాపా. ఎందుకు పిలవలేదో!"

నాకు తెలుసు. ఆయన నన్నే అడిగాడు. "ఎవురన్నా ఇద్దర్ని పిలుచుకోని రా పాపా, వీలునామా మీద సంతకం పని ఉండాది" అన్నాడు. నేనే కసురుకున్నాను. "సుక్రవారం పూట ఇవేం సావు మాటలు నాయనా? నలుగురూ వింటే ఏమనుకుంటారు?" ఆయన మళ్లీ అడగలేదు.

అన్నను తిట్టిన నోటితోనే అక్కకు జవాబు చెప్పాను.

"తెలీదక్కా."