మా వీధి కింద గొట్టం

మార్కాపురంలో మా వీధి వాళ్లకు సర్కారు మనిషి కనిపిస్తే చాలు, నోట్లోంచి నిజం రాదు. అందులో నేనేం తక్కువ తినలేదు.

జిల్లాలను కొత్తగా విడగొట్టిన తర్వాత ఒక వేసవిలో మా వీధి కిందున్న పాత మురుగు గొట్టం బీటలు వారి, దుకాణాల ముందు కంపు మొదలైంది. రోడ్డు తవ్వితే బేరాలు పోతాయని గోల చేశాం. దాంతో మునిసిపాలిటీ వాళ్లు తవ్వకుండా బాగుచేసే వాళ్లను పంపారు. రసాయనంలో నానబెట్టిన పొడవాటి గుడ్డ గొట్టాన్ని పాతదాని లోపలికి దూర్చి, ఉబ్బించి, ఆవిరి పట్టిస్తే అది గట్టిపడి లోపల కొత్త గొట్టమవుతుంది. ఇళ్ల నుంచి కలిసే కన్నాలు మాత్రం మూసుకుపోతాయి. తర్వాత యంత్రాన్ని పంపి వాటిని కోసి తెరవాలి.

ఇంజనీరు ముందే కెమెరాతో చూసి, ఇంటింటికీ వచ్చాడు.

“కన్నాలు చాలా ఉన్నాయి. వాడుకలో ఉన్నవేవో చెప్పండి, అవే తెరుస్తాం.”

మావన్నీ అనుమతి లేని కనెక్షన్లే. ఒప్పుకుంటే పన్ను వేస్తారని భయం.

“మాకు దొడ్లో ట్యాంకు ఉంది సార్. ఆ పైపుతో మాకేం పని?” అన్నాను. మా దొడ్లో ఉన్నది కరివేపాకు చెట్టు. వీధంతా ఇదే పాట పాడింది. చివరింట్లో బట్టలు కుట్టే అక్క ఒక్కతే “మాది దాంట్లోకే పోతాది నాయనా, రాసుకో” అంది. పిచ్చిదని నవ్వుకున్నాం.

పని ముగిసిన మర్నాడు పొద్దున్నే మా మరుగుదొడ్డి పొంగింది. ఇంట్లో ఉన్నది అదొక్కటే. నా భార్యకు మోకాలి ఆపరేషన్ అయి పది రోజులే. మంచం మీద కడుపు పట్టుకుని కూర్చుని, “ఏం జేసినావు నువ్వు?” అంది. చెప్పడానికి సిగ్గేసింది.

బయట వీధి పెద్దలంతా గుమిగూడారు, వాళ్ల ఇళ్లలోనూ అదే పొంగు. అందరి దగ్గరా ఇంజనీరు నంబరు ఉంది. నువ్వు చెయ్యి అంటే నువ్వు చెయ్యి అని తోసుకున్నారే తప్ప ఒక్కడూ ఫోన్ తీయలేదు. ఊరికి నీతులు చెప్పే మొహాలు.

నా భార్యను కుర్చీలో మోయించి అక్క ఇంటికి తీసుకుపోయాను. అక్క ఆమెను పట్టుకుని లోపలికి నడిపించి, గుమ్మంలోకి వచ్చి, “అబద్ధం చెప్పింది నువ్వు, అవస్థ ఆయమ్మది. ఏంది తమ్ముడా ఇది?” అంది.

అక్కడే ఫోన్ చేశాను. అబద్ధం చెప్పానని ఒప్పుకుని, ఇంటి నంబరు చెప్పాను.

“మీ ఒక్క ఇల్లేనా?” అన్నాడు ఇంజనీరు.

వెనకే వచ్చిన పెద్దల వైపు చూశాను. ఒక్కొక్కరే మొహం తిప్పుకున్నారు.

“ఒక్కటే సార్” అన్నాను.