అచ్చులు కొన్నాక రంగు ఎవరు కాస్తారు?

చిప్‌లు డిజైన్ చేసే కంపెనీలో నాకు వాటా ఉందంటే మా పెడనవాళ్లు ఇప్పటికీ నవ్వుతారు. నవ్వనీ. రొయ్యల చెరువులో ఆక్సిజన్ పడిపోతే రైతుకు ఫోన్‌లో చెప్పే పరికరం ఒకటుంది. దానికి చిప్ గీసేది ఈ కంపెనీయే. నాది కలంకారీ అద్దకాల షెడ్డు. నా పక్కన కూర్చునే వాటాదారు నాగాయలంకలో చెరువులు చేసే రైతు, మా అందరికీ బావగారు. కంపెనీ పెట్టినతను గుడ్లవల్లేరులో చదువుకున్న ఇంజినీరు, నన్ను అత్తా అంటాడు.

ఆ రోజు గుడివాడలో, ఆఫీసు మేడ మీద సమావేశం. హైదరాబాద్‌లో నష్టాల్లో ఉన్న ఒక చిన్న డిజైన్ కంపెనీని కొంటానన్నాడతను. తక్కువ కరెంటుతో నడిచే డిజైన్లు వాళ్ల దగ్గరున్నాయట. బావగారు ససేమిరా అన్నారు. పక్క చెరువు చౌకగా వచ్చిందని లీజుకు పట్టి, దాని తెగులు సొంత చెరువుకు అంటించుకున్నవాళ్ల కథలన్నీ చెప్పారు. ఇది బెడిసికొడితే ఇతన్ని కుర్చీ దింపాల్సిందేనన్నారు. మిగతావాళ్లూ తలూపారు. నాకూ చిరాగ్గానే ఉంది. ధర గురించి అంతసేపు చెప్పిన మా ఇంజినీరు అక్కడ పనిచేసే మనుషుల గురించి ఒక్క మాట అనలేదు.

మా అద్దకాల్లో ఎవరి షెడ్డయినా కొనాలంటే యజమానితో బేరం తర్వాతే. ముందు రంగు కాచేవాళ్లను కలిసి, మాతో ఉంటారా అని అడుగుతాం. కొయ్య అచ్చులు ఎన్ని కొన్నా, రంగు కుదిరే చెయ్యి వెళ్లిపోతే అవి పొయ్యిలోకే.

"ఆ డిజైన్లు గీసినవాళ్లతో మాట్లాడావా?" అన్నాను.

"వాళ్ల ఓనర్‌తో అన్నీ మాట్లాడేశాను అత్తా."

"పెళ్లికూతుర్ని చూడకుండా ముహూర్తం పెట్టుకొచ్చావన్నమాట."

అందరూ నవ్వారు, అతను తప్ప. వాళ్లను కలిసి వచ్చేదాకా ఓటింగే వద్దని పట్టుబట్టాను.

తర్వాతి సమావేశానికి అతను కాగితాల్లేకుండా వచ్చాడు. అక్కడి డిజైనర్లు వస్తారట, కానీ ఒక్క షరతు. డిజైన్‌లో ఆఖరి మాట వాళ్ల పెద్ద ఇంజినీరమ్మదే కావాలి. మా కంపెనీ పుట్టినప్పటినుంచీ ఆ మాట ఇతనిది.

"ఆవిడ నాకంటే బాగా గీస్తుంది అత్తా. ఆ పని ఆవిడకే అప్పగిస్తాను," అన్నాడు.

కుర్చీ దింపుతామని మేం బెదిరించినవాడు తనంతట తానే సగం కుర్చీ ఖాళీ చేశాడు. నాకు ఎంత గర్వంగా అనిపించిందో చెప్పలేను. అయినా మొదట చెయ్యెత్తింది నేను కాదు, బావగారు.

"ఇప్పుడు కొనవయ్యా," అన్నారాయన.