కోడిపిల్లలకు ఇసుక వడ్డించిన వైనం

కోడిపిల్లలకు పళ్లుండవని నాకు అరవై దాటాక తెలిసింది. అప్పటిదాకా ఆలోచించే అవసరం రాలేదు. తల్లికోడిని కుక్క ఎత్తుకుపోతే, దాని పిల్లల్ని మా ఆవిడ అట్టపెట్టెలో పెట్టి పెంచుతోంది. అంతలో తణుకులో మా అమ్మాయికి పురుడొచ్చింది. బయల్దేరుతూ మా ఆవిడ నాకు ఒకటే చెప్పింది.

"నూకలు వేయండి, నీళ్లు పెట్టండి. మీ తెలివితేటలు మాత్రం వాటి మీద చూపించకండి."

అసలే ఒక్క పనీ నాకు నమ్మి వదలదు. ఈ కోడిపిల్లలు చస్తే ఇక ఈ జన్మకు ఏదీ వదలదు.

ఆ మధ్యాహ్నమే ఫోన్‌లో ఒక వీడియో కనిపించింది. పొడి దాణా తినే పిల్లలకు పరవాలేదు గానీ, గింజలు, నూకలు తినేవాటికి సన్నటి రాళ్లు కావాలట. అవి కందనకాయలో చేరి మేతను నలుపుతాయట. మావి నూకలు తినేవే. మా మొగల్తూరులో రాళ్లెక్కడివి? మా పెరడంతా బంకమట్టి. చేపలమ్మే పక్కింటావిడ తన గుడ్లకోళ్లకు వేసే సముద్రపు గుల్లలు అడిగి తెచ్చి, రోట్లో వేసి దంచాను. చెయ్యి బొబ్బలెక్కాక మిగతా వీడియో చూశాను. గుల్లలో సున్నం ఎక్కువ, చిన్నపిల్లలకు పనికిరాదు. వీడియో చివరిదాకా చూడకుండా పనిలోకి దిగడం నా స్వభావం.

రాళ్ల బదులు ఇసుక పెడదామంటే, సముద్రపు ఇసుక ఉప్పగా ఉంటుంది. చివరికి ఎదురింట్లో మేడ కట్టడానికి పోయించిన గోదావరి ఇసుక గుప్పెడు అడిగి తెచ్చాను. మా ఆవిడ పిండిజల్లెడతో దుమ్ము పోగొట్టాను. నూకగింజ కన్నా పెద్దవాటిని కళ్లజోడు పెట్టుకుని ఏరేశాను. కడిగి, ఎండబెట్టి, డబ్బా మూతలో పోసి పిల్లల ముందు పెట్టాను. పెళ్లిభోజనం వడ్డించినంత సంబరం నాకు.

అవి చూసి ఊరుకున్నాయి. ఏది తినాలో చూపించే తల్లి లేదు కదా. అన్నిటికన్నా చిన్నది రెక్కలు వేలాడేసి మూల నిలబడింది. నిజంగా భయం వేసింది. ఫోన్‌లో మా ఆవిడ అడిగితే మాత్రం బ్రహ్మాండంగా ఉన్నాయన్నాను.

ఇక లాభం లేదని పెరట్లో నేల మీద చతికిలబడి, ఇసుకలో గోటితో టకటకా కొడుతూ "కొక్కొక్కొక్" అన్నాను. చర్చికి వెళుతున్న ఆడవాళ్లు దడి అవతల ఆగి చూశారు. మాజీ హెడ్మాస్టరునని వాళ్లకు బాగా తెలుసు. ఆపితే అవమానం ఎక్కువవుతుందని ఇంకా గట్టిగా అన్నాను. ఒకటి వచ్చి పొడిచింది, ఆ వెనక మిగతావీ వచ్చాయి. చిన్నది రెండు రోజులకు గానీ తేరుకోలేదు.

మా ఆవిడ తిరిగొచ్చి, సంచీ కింద పెట్టీ పెట్టకుండానే నూకలు చల్లి పిలిచింది. అవి ఆవిణ్ని దాటుకుని వచ్చి నా పాదాలెక్కాయి. గర్వంతో ఏదో అనబోయి ఆవిడ మొహం చూశాను. అంతకుముందు రాత్రుళ్లు లేచి వాటికి గుడ్డలు కప్పింది ఆవిడ.

"నన్ను మర్చిపోయాయండి," అంది.

కాసేపు పిల్లల్నే చూసి, ఆవిడ వచ్చి నా పక్కన నేల మీద కూర్చుంది.

"ఎలా పిలిచారో నాకూ చెప్పండి."

ఊళ్లో సగం మందికి పాఠాలు చెప్పాను గానీ, ఆవిడ నన్ను ఒకటి నేర్పమనడం అదే మొదటిసారి. సిగ్గుపడుతూనే చెప్పాను.