అరవై అక్కర్లేని లెక్క

మా అమ్మాయికి బ్యాంకు పరీక్ష రాయడానికి వయసు ప్రకారం ఆ ఏడాదే ఆఖరి అవకాశం. రైల్వే వ్యాగన్ల రిపేరు వర్క్‌షాపు వాళ్లుండే డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో, మా క్వార్టర్‌లో నేనే లెక్కలు చెప్పేవాణ్ణి. ఒక ఆఫీసులో మగవాళ్ల సగటు వయసు ముప్పై తొమ్మిది, ఆడవాళ్లది ముప్పై. అందరి సగటు కనుక్కోవడానికి ఏ సమాచారం చాలు? మొత్తం అరవై మంది అన్నది ఒకటి, మగవాళ్లు ఆడవాళ్లకు రెట్టింపు అన్నది రెండోది.

వర్క్‌షాపు పట్టికల్లో ఒక్క గడీ ఖాళీగా వదలని అలవాటు నాది. మగవాళ్లు నలభై, ఆడవాళ్లు ఇరవై అని గడులు నింపి, సగటు ముప్పై ఆరని తేల్చి, "రెండూ కావాలి," అన్నాను.

"అరవై దేనికి నాన్నా? రెట్టింపని తెలిస్తే బస్, చాలు! హాజిరీ తీసుకుంటున్నామా ఏంటి?" అని నా అంకెలు కొట్టేసి రెండు, ఒకటి వేసింది. సగటు అదే ముప్పై ఆరు వచ్చింది.

ఆమె గట్టెక్కుతుందని నాకు అప్పుడే నమ్మకం కుదిరింది. ఆ రోజు డైరీలో నా తప్పును గర్వంగా రాసుకున్నాను.