తువ్వాల కింద నెట్ బేరం

మోత్కూరులో ఇంటింటికీ నెట్ వైరు లాగడం నా పని. నాతో బేరమాడని ఇల్లు లేదు. "అవతలోడు తక్కువకే ఇస్తున్నడు" అంటారు. వానొస్తే వాడి నెట్ పోతుందని మాత్రం ఒక్కరూ చెప్పరు. ఒళ్లు మండిపోతుంది! కానీ తువ్వాల కప్పి మరీ బేరమాడినవాడు ఒక్కడే, కురుమయ్య తాత.

తాత బతుకంతా గొర్రెల అంగడిలో బేరాలు కుదిర్చాడు. పక్కవాళ్లకు ధర తెలియకుండా తువ్వాల కింద చేతులు పట్టుకుని, వేళ్లు నొక్కి చెప్పుకోవడం అక్కడి పద్ధతి. ఇప్పుడు గొర్రెల ఫొటోలు పంపుకుని ఫోన్లలోనే బేరాలు తెంపుకుంటున్నారు, తాత చెయ్యి ఎవరికీ అక్కర్లేదు. భార్య పోయింది. పిల్లలు లేరు. అరుగు మీద కూర్చుని దారిన పోయేవాళ్లను "ఏడికి పోతున్నవ్?" అని అడుగుతుంటాడు. చెవుల్లో పాటలు పెట్టుకున్నవాళ్లకు ఆ మాట వినబడదు.

పోయిన ఎండాకాలం నన్ను పిలిచాడు.

"రాజేశూ, నాకు గా నెట్టు పెట్టు."

"నీది బటన్ల ఫోను గదా తాతా! నెట్టేం జేస్కుంటవ్?"

"నీకెందుకుర? ధర తెంపు" అని భుజం మీది తువ్వాల తీసి నా చేతి మీద కప్పాడు. నేను ఆరు వందలన్నాను. నాలుగు వేళ్లు నొక్కాడు. గరుకు చెయ్యి. నవ్వొచ్చి ఐదు వందలకు ఒప్పుకున్నాను.

నెట్ పెట్టెను అరుగు వైపు కిటికీలో పెట్టించుకున్నాడు. పాస్‌వర్డ్ వాడకట్టు పిల్లలందరికీ చెప్పమన్నాడు. సాయంత్రానికి అరుగు నిండింది. తాత మొహం చూడాలి, పెళ్లింటి పెద్దలా వెలిగిపోయింది!

కొన్నాళ్లకు మళ్లీ పిలిచాడు. "బేరం తప్పయింది బిడ్డా."

నాకు చిర్రెత్తింది. "గింత మంచిగ ఉరుకుతాంటే ఇంకేం తప్పు తాతా?"

"ఉరుకుడే తప్పు. వస్తరు, సినిమా దించుకుంటరు, పోతరు. మొన్న వానకు నీ నెట్టు సతాయించింది సూడు, అప్పుడు శానసేపు కూసున్నరు. ఎదురింటి ప్రవళిక నా పెండ్లి ముచ్చట అడిగింది. అంగడి ముచ్చట్లు చెప్తె అందరు నవ్విన్రు. నాకు గట్ల మెల్లగ వచ్చే నెట్టు కావాలె. పైసలు గివ్వే ఇస్త."

మెల్లగా వచ్చేదానికి కూడా అంతే డబ్బు ఇస్తాననే మనిషిని ఎప్పుడైనా చూశారా? నేను చూడలేదు. ఉన్న మాటే చెప్పాను.

"మెల్లగయితే వాళ్లు అసలే రారు తాతా. ఇంటికాడ్నే చూస్కుంటరు."

ఆయన భుజం మీది తువ్వాల సర్దుకున్నాడు.

"అమ్మేటోడు లేసిపోవద్దు, కొనేటోడు లేసిపోవద్దు. మధ్యల ఒక ధర ఉంటది. గా ధర చూసుడే నా పనుండె" అన్నాడు. "నీకాడ గసొంటిది లేదా?"

"లేదు తాతా."

పాపం, అంత పెద్ద బేరగాడు నా ముందు చిన్నపిల్లవాడిలా తల దించుకున్నాడు. లేవబోయాను. ఆయన తువ్వాల తీసి మళ్లీ మా చేతుల మీద కప్పాడు.

"నెట్టు సంగతి ఇడిసిపెట్టు. నువ్వు వారానికోపాలి వచ్చి ఈడ జరసేపు కూసునేటందుకు ఎంత?"

జేబులో ఫోను మోగుతోంది. ఎవరి ఇంట్లోనో వైరు తెగినట్టుంది. తువ్వాల కింద ఆయన చెయ్యి నా వేళ్లు పట్టుకుని, ధర కోసం ఎదురుచూస్తోంది.