ఎవరు, దేనితో, ఏ మాటతో

మొన్న గురువారం అక్కయ్య పోయింది. ఇక్కడ అమెరికాలో, ఇర్వింగ్‌లో ఆసుపత్రి నర్సుగా పనిచేస్తూ, మా తెలుగు లూథరన్ సంఘంలో పిల్లలందరికీ సండే స్కూల్ చెప్పిన గుంటూరు అక్కయ్య. ఫోన్ పెట్టేశాక నాకు ముందు వచ్చింది ఏడుపు కాదు, సిగ్గు.

ఏడేళ్ళ కిందట మా బాబు ఏడో నెలలోనే పుట్టాడు. ఆ రోజు మంచు గడ్డకట్టి హైవేలన్నీ మూసేశారు. పాస్టరుగారు రాలేకపోయారు. డాక్టరు ఆశ వదులుకోమన్నాడు. నేను బతిమాలితే అక్కయ్యే వాడికి బాప్తిస్మం ఇచ్చింది. వాడు బతికాడు.

అక్కయ్యకి మా లూథరన్ సంఘం పుట్టిన సంస్కరణ కాలపు సంగతులంటే ప్రాణం. పులిహోర కలుపుతూ కూడా అవే చెప్పేది. "మన సంస్కర్త ముందు లాటిన్‌లో ఉన్న బాప్తిస్మ క్రమాన్ని ఇంటి భాషలోకి మార్చాడు చెల్లీ. బిడ్డ తరఫున నిలబడ్డవాళ్ళకి అర్థం కావద్దూ? బిడ్డ నోట్లో పెట్టే ఉప్పూ, ఒంటికి రాసే నూనే అప్పటికి ఉంచాడు. మూడేళ్ళకి మళ్ళీ రాసి అవీ తీసేశాడు. నీళ్ళనీ వాక్యాన్నీ మాత్రం ముట్టుకోలేదు."

ఆ రోజుల్లో మంత్రసాని ఇంట్లోనే బాప్తిస్మం ఇచ్చిన బిడ్డని చర్చికి తెస్తే, పాస్టరు ముఖ్యంగా మూడు అడిగేవాడట: ఎవరిచ్చారు, దేనితో, ఏ మాటతో. జవాబు సరిగ్గా ఉంటే మళ్ళీ నీళ్ళు పొయ్యకూడదు. "పోస్తే మొదటిది ఉత్తదన్నట్టేగా," అనేది అక్కయ్య.

ఇవన్నీ విని కూడా, బాబుకి ఆర్నెల్లు నిండగానే ఘనంగా బాప్తిస్మం పెట్టుకున్నాను. అత్తగారు తెల్ల గౌను పంపి, తలమీద నీళ్ళు పడే ఫోటో కావాలని రాశారు. నర్సు చేతి బాప్తిస్మం అంటే ఆవిడేమంటారోనని నా భయం. కొత్తగా వచ్చిన పాస్టరుగారు పుస్తకంలో ఉన్నట్టే మొదట అడిగారు.

"ఈ బిడ్డకి ఇదివరకే బాప్తిస్మం అయిందా?"

"లేదండి," అన్నాను.

మూడో వరసలో అక్కయ్య తల వంచుకుని పాటల పుస్తకం సర్దుకుంది. భోజనాల దగ్గర నా ప్లేట్లో ఇంకో గరిటె పలావ్ వేసి, "పాలిచ్చేదానివి, తిను," అంది. ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు. తిట్టినా బాగుండేది. క్షమించమని అడుగుదామని ఎన్ని ఆదివారాలు పార్కింగ్ దాకా వెంట వెళ్ళానో! ఎండల గురించి మాట్లాడి తిరిగొచ్చేదాన్ని.

అందుకే ఇది చదివే మీ అందరి ముందు ఇప్పుడు చెప్తున్నాను. ఎవరిచ్చారు? మా అక్కయ్య. దేనితో? నీళ్ళతో. ఏ మాటతో? తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ నామంలో. పక్కనే చక్రాల కుర్చీలో కూర్చుని కళ్ళారా చూశాను. మందు కొలిచే చిన్న కప్పులో నీళ్ళు పట్టింది. చేతి తొడుగు తీసేసింది. బాబు నుదుటి దాకా వంచబోయి ఆగి, చల్లగా ఉన్నాయని, ఆ నీళ్ళని అరచేతిలో పోసుకుని వెచ్చబడేదాకా పట్టుకుంది.